తాబేలు గీసిన మా పోడు

మా బడిలో కంప్యూటర్ గది ఉంది, కంప్యూటర్ మాస్టారు లేరు. రెండేళ్ళ కిందట ఆ గది తాళం మా చేతికిచ్చారు. మేము చదివింది డీఎడ్. డైట్‌లో ఉన్న రోజుల్లో కంప్యూటర్‌ని అద్దాల తలుపు బయటనుంచి చూశాం తప్ప మీట నొక్కింది లేదు. అయినా తాళం చేతికొచ్చాక గది మూసి ఉంచబుద్ధి కాలేదు. ఆరింటిలో నాలుగు పనిచేస్తున్నాయి. ఇంటర్నెట్ రాదు. పైథాన్ మాత్రం ఉంది. దానితోపాటే టర్టిల్ అనే బొమ్మలు గీసే సరంజామా వస్తుంది. టర్టిల్ అంటే తాబేలు. దానికి సిగ్నల్ అక్కరలేదు.

ఈ తాబేలుకి పెద్ద వంశమే ఉంది. 1967లో అమెరికాలో వాలీ ఫోర్జిగ్, సేమర్ పాపర్ట్, సింథియా సోలొమన్ అనే ముగ్గురు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికి నిజంగానే నేలమీద పాకే తాబేలు యంత్రాన్ని జతచేశారు. అది పెన్ను పట్టుకొని కాగితం మీద గీత గీసుకుంటూ పోయేది. ఇప్పుడు తెరమీద పాకేది దాని మనవడనుకోవచ్చు. 'ఫార్వర్డ్ 100' అంటే వంద అడుగులేస్తుంది, 'లెఫ్ట్ 90' అంటే ఎడమకు తిరుగుతుంది. మా పిల్లల్లో కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. తెలుగు బడికొచ్చి నేర్చుకున్నదే. తెలుగు పాఠంలో వెనకబడే పిల్లలు ఈ గదిలో వెనకబడలేదు. 'ఫార్వర్డ్' అనే మాట అందరికీ ఒకేలా కొత్త కదా.

కొన్నాళ్ళకి గీతలంటే విసుగు పుట్టింది. కిటికీలోంచి చూస్తే ఎదురు కొండమీద వలిసె పూసి ఉంది. పచ్చటి కొండకి పసుపు గుడ్డ అతికించినట్టు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, అలాగ నిండా రంగు రాదా?" అంది. మాకూ తెలియదు. ఆ రాత్రి యంత్రంలోనే ఉన్న సహాయం పేజీలు నిఘంటువు పక్కన పెట్టుకొని చదివి, మర్నాడు పిల్లలతో కలిసి చేశాం.

గీత మొదలుపెట్టే ముందు 'బిగిన్ ఫిల్' అనాలి. చుట్టూ తిరిగొచ్చాక 'ఎండ్ ఫిల్' అనాలి. రెంటి మధ్య తాబేలు ఆగిన ప్రతి చోటునీ యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. చివరి మాట చెప్పాకే రంగు పడుతుంది. అది మరిచిపోతే ఎంత తిరిగినా లోపల తెలుపే. ఒక పిల్లాడు నాలుగో వైపు గియ్యకుండానే ముగించాడు. అయినా లోపలంతా రంగు నిండింది. ఆగిన చోటునుంచి మొదలైన చోటుకి యంత్రం తనే తిన్నగా హద్దు కట్టేసుకుంది. ఆ వైపు గీత మాత్రం లేదు. ఇంకో వింత, పెన్ను ఎత్తిపెట్టి నడిపించినా రంగు పడింది. గీత ఒక్కటీ కనిపించదు, పొలం మాత్రం ఉంటుంది. గట్టు లేని పోడులాగ.

ఒకదానిమీద ఒకటి పడేలా రెండు బొమ్మలు నింపితే తర్వాత మొదలుపెట్టిందే పైకొస్తుంది. కింది రంగు ఉండీ లేనట్టే. ఇది చూసి పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు, ఎందుకో తర్వాత చెప్తాం.

అసలు సంగతి ఇంకో పిల్లాడి తప్పులో దొరికింది. తాబేలుకి ఎడమ, కుడి చెప్పే బదులు చోట్ల అంకెలు చెప్పొచ్చు. దాన్ని 'గోటూ' అంటారు. తెర నడిమధ్య సున్నా, సున్నా. వాడు నలుచదరానికి నాలుగు మూలలూ సరిగ్గానే రాశాడు, కాని మూడోది, నాలుగోది తారుమారు చేశాడు. చదరం రాలేదు, బుడబుక్క వచ్చింది. రెండు త్రికోణాలు ముక్కూముక్కూ ఆనించుకొని నిలబడ్డాయి. పక్కలు రెండూ ఖాళీ. వైపు 100 అయితే చదరం వైశాల్యం పదివేలు. తెరమీద రంగు పడింది అయిదువేలకే. నిరూపక జ్యామితిలో మూడు బిందువులతో త్రిభుజ వైశాల్యం కట్టే సూత్రం ఉంది. అదే పద్ధతిని ఎన్ని మూలలకైనా సాగదీయొచ్చు. వాడు రాసిన వరసలో ఆ లెక్క కడితే సున్నా వచ్చింది. ఒక త్రికోణాన్ని సూత్రం ఎడమగా చుట్టింది, రెండోదాన్ని కుడిగా చుట్టింది. ఒకటి కూడింది, ఒకటి తీసేసింది. అవే నాలుగు మూలలు, కొలతల్లో ఒక్క తప్పూ లేదు. వరస ఒక్కటే తప్పు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పెట్టెలోంచి మా నాన్న పోడు పట్టా తీశాం.

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న నేలకి, కుటుంబానికి 4 హెక్టార్లు మించకుండా హక్కు ఇస్తుంది ఆ చట్టం. జీపీఎస్ పట్టుకొని సర్వే మనిషి మా నాన్న వెంట రోజంతా కొండ తిరిగాడు, మా ఇంట్లోనే అంబలి తాగాడు. కాగితం వచ్చేసరికి 2 ఎకరాల 43 సెంట్లు అని ఉంది. మా నాన్న ఎకరాల్లో లెక్కపెట్టడు. "నా ఇత్తనం తగ్గనేదు, నేల ఎలా తగ్గింది?" అన్నాడు. ఆయన చోళ్ళ విత్తనం కుంచాలతో కొలుస్తాడు. చదువుకున్నవాళ్ళం మేమే ఆయన్ని ఊరుకోబెట్టాం, యంత్రం అబద్ధమాడదని. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతుంది. నిరుడు గెడ్డ పక్క ముక్కలో, మేము పసుపు వేసే చోట, మొక్కలకని గోతులు తవ్వారు. అడిగితే మీ పట్టా ఇంతవరకే, అవతలిది అడవి అన్నారు. మా రంగుమీద ఇంకో రంగు.

కాగితం వెనక ఏడు బిందువులున్నాయి, అక్షాంశం, రేఖాంశం. అక్షాంశం ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. మా పాడేరు కొండల దగ్గర రేఖాంశం డిగ్రీ 106 దాకా ఉంటుంది. అన్నింటిలోంచి మొదటి బిందువు తీసేసి, మీటర్లలోకి మార్చి, మీటరుకి ఒక చుక్క చొప్పున తాబేలుకి చెప్పాం. ఆదివారం నాన్నని బడికి తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టాం. పనసచెట్టు, గెడ్డ వంపు, నల్లబండ వరకూ తాబేలు బాగానే పోయింది. అక్కడినుంచి పొలం మధ్యనుంచి కోసుకుంటూ పుట్టకి పోయింది, మళ్ళీ వెనక్కొచ్చి జీలుగుచెట్టు పట్టుకుంది, మళ్ళీ అడ్డంగా పోయింది. పసుపు రంగు నిండింది. రెండు పక్కల తెల్లటి ఖాళీలు, మధ్యన కొంగ ముక్కులాంటి త్రికోణం.

నాన్న కాసేపు చూసి, "నేనిలాగ నడవనేదు," అన్నాడు. "బండ కాడినుంచి జీలుగుచెట్టుకే ఎల్లాం. పుట్ట ఆ తర్వాత."

నాలుగు, అయిదు తారుమారు. కాగితంలోని వరసలోనే లెక్క కట్టాం. 2.43 వచ్చింది, సెంటు తేడా లేకుండా. నాన్న నడిచిన వరసలో కట్టాం. 3.21. తెల్లటి ఖాళీలు పోవడమే కాదు, ఆ ముక్కు కూడా పన్నెండు సెంట్లుంటుంది, తెరమీద దానికి రంగు పడింది కాని సూత్రం దాన్ని కూడకుండా తీసేసింది. మొత్తం 78 సెంట్లు. కొండమీద అంకెలు తప్పు పడలేదు. ఎక్కడో ఆఫీసు బల్లమీద తిరిగి ఎక్కించేటప్పుడు రెండు వరసలు అటూఇటూ అయ్యుంటాయి. నడిచిన ఆ మనిషిని మేము ఏమీ అనం.

3.21 కూడా నాన్న కుంచాలకి సరిపోదు. పటం నేలని ఆకాశంలోంచి చూస్తుంది. ముప్పై డిగ్రీల వాలులో వంద మీటర్లు ఎక్కితే పటంలో అది 87 మీటర్లే. విత్తనం పడేది వాలుమీద, కాళ్ళు నొప్పెట్టేదీ వాలుమీదే. ఆ తేడా కోసం అర్జీ పెట్టడానికి చోటు లేదు.

78 సెంట్లకి మాత్రం పెట్టాం. రెండు బొమ్మలూ జతచేశాం, కాగితం వరసలో వచ్చింది ఒకటి, నాన్న నడిచింది ఒకటి. బడి ప్రింటర్‌లో రంగు లేదు, పొలం బూడిదరంగులో వచ్చింది. ఆ అమ్మాయి తన పెన్సిళ్ళ డబ్బాలోంచి పసుపు తీసి, గీత దాటకుండా రెండూ నింపి ఇచ్చింది. అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది. మళ్ళీ కొలవడానికి వస్తామన్నారు. జీలుగుచెట్టు మొన్న గాలికి పడిపోయింది. మొదలు దగ్గర నాన్న ఒక రాయి పాతాడు.