తాడి కింద తెల్లవారుజాము

అమలాపురం నుంచి అంబాజీపేట వైపు బయల్దేరితే కాసేపట్లోనే బండారులంక వచ్చేస్తుంది. ఈ ఊరి పేరు చెప్పగానే ఆడవాళ్లకు గుర్తొచ్చేది నేత చీర. వీధిలోకి వెళ్తే మగ్గం చప్పుడు, ఊరు దాటితే కొబ్బరితోటలు, చేలగట్ల మీద తాడిచెట్లు. చీర సంగతి అందరికీ తెలిసిందే. ఇవాళ చెట్టు సంగతి చెప్పుకుందాం.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో కొందరికి ఓ సరదా ఉంది. బీరు ఇంట్లోనే తయారుచేసుకుని, పాత ఫ్రిజ్‌కు కుళాయి బిగించి, లోపల ఉక్కు పీపా, గ్యాసు సిలిండరు పెట్టి, చల్లగా గ్లాసులోకి వంచుకుంటారు. అక్కడ 1978లో చట్టం మార్చి దీనికి దారి వదిలారు. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా బీరు తయారుచేస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఊరుకోదు. అయినా కోనసీమ మనిషికి ఆ తంటా ఎందుకు? ఇక్కడ చెట్టే బట్టీ, కుండే పీపా!

గీత కార్మికుడు మోకు సాయంతో తాడెక్కి, గెల కొనను పల్చగా చెక్కి కుండ కడతాడు. చుక్కచుక్కగా దిగేది తియ్యటి నీరే. గాలిలోని, కుండ గోడల్లోని ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. కల్లు మీద నురగ, బీరులో బుడగ రెండూ ఆ వాయువు పుణ్యమే. కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు... అంటే మామూలు బీరుతో సమానం. మర్నాటికి పుల్లబడుతుంది, ఇంకా ఉంచితే వెనిగరే. కుండ లోపల సున్నం పూస్తే పులియదు, అదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో దీనికోసమే ఓ కేఫ్ తెరిచారు.

మరి చల్లదనం? కుండకు తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టడం మనకు తాతలనాటి విద్య. గుడ్డలోని నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది. అయితే గాలి పొడిగా ఉన్న అనంతపురంలో ఇది పనిచేసినంతగా కోనసీమలో పనిచేయదు. చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, పక్కనే సముద్రం. ఉక్కపోత రోజున ఐదారు డిగ్రీలు దిగడమే గగనం. విచిత్రమేమిటంటే, కుండకు శత్రువైన ఈ తేమే మగ్గానికి నేస్తం. గుంటమగ్గంలో నూలు తెగకుండా కాపాడేది అదే!

ఖర్చు లేకుండా చల్లగా కావాలంటే ఇక్కడ ఒకటే సూత్రం: చెట్టు దించిన వేళకే తాగాలి. రాత్రంతా చల్లగాలిలో వేలాడిన కుండ తెల్లవారుజామున దిగుతుంది. పొద్దెక్కేదాకా ఉంచాలంటే రొయ్యల వ్యాపారులు వాడే థర్మాకోల్ పెట్టె, నాలుగు ఐసు ముక్కలు చాలు. ఐసు మీద గుప్పెడు ఉప్పు చల్లితే చలి ఇంకా పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త... సీసా మూత మాత్రం బిగించకూడదు. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది, సీసా పేలిపోగలదు.

అంతకన్నా పెద్ద జాగ్రత్త, ఏ చెట్టు కల్లో తెలిసి ఉండటం. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కళ్లముందు దించిన కుండలో అలాంటి కల్తీకి చోటు తక్కువ. కానీ దించే మనిషి ఉండాలి కదా!

ఈ మనిషి కోసం ఒకప్పుడు ప్రభుత్వమే కదిలింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాసంలో పడిపోయింది మద్యనిషేధం గొడవతోనే. కల్లుగీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న గట్టిగా నిలబడ్డారు. ఇవాళ వారిని చెట్టు దించుతున్నది చట్టం కాదు. కాలు జారితే నడుం విరిగే పని, చాలీచాలని రాబడి. తండ్రి మోకు కొడుకు పట్టడంలేదు. మగ్గం గుంటలోనూ అదే కథ.

పాత ఫ్రిజ్ ఎక్కడైనా దొరుకుతుంది, ఐసూ దొరుకుతుంది. తెల్లవారకముందే తాడెక్కే మనిషి మాత్రం బజారులో దొరకడు. బండారులంక వెళ్తే చీర బేరం తర్వాత ఆడొచ్చు. ముందు పెందరాళే లేచి చేలగట్టు వైపు నడవండి. తాటాకు దొన్నెలో పోసిందానికి అడిగినంతా ఇచ్చేయండి, బేరమాడకండి.