మూలకు నిలబడేదెవరు?

'రైడర్లు ఎంతమంది ఉంటే ఏం లాభం కాకా... మూలకు పట్టేటోడు ఉండాలె గదా!'

'నువ్వు ఊకో తమ్మీ! పాయింట్లు తెచ్చేటోడే లేకుంటే మూలకు ఎవడుండి ఏం జేస్తడు?'

పొలం పనులు ముగించుకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని అరుగుల మీదకు చేరాక మొదలయ్యే ముచ్చట ఇది. ప్రొ కబడ్డీ సీజనొచ్చిందంటే చాలు, సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లాంటి పల్లెల్లో వానలూ వడ్ల ధరల తర్వాత తెగని వాదన ఇదే. తెలుగు టైటాన్స్‌కు ఇంకో మంచి కార్నర్ కావాలా, అక్కర్లేదా?

ఓస్, ఇదీ ఒక సమస్యేనా అనుకునేరు! ఓసారి వింటే మీరూ ఏదో ఒక పక్షాన చేరిపోతారు.

వాదనకంటే ముందు ఊరి సంగతి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు వెళితే సిద్దిపేట. 2023 అక్టోబరు నుంచి సికింద్రాబాద్ రైలు కూడా నడుస్తోంది. కోమటిచెరువు గట్టున కాసేపు సేదదీరి, అక్కణ్నుంచి నారాయణరావుపేట మండలం దారిపడితే ఇబ్రహీంపూర్ వస్తుంది. చిన్న ఊరే. కానీ పేరు మాత్రం పెద్దదే. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయి దేశమంతా బ్యాంకుల ముందు వరసలు కట్టినప్పుడు, డిసెంబరుకల్లా ఈ ఊరు నగదురహిత గ్రామంగా పత్రికలకెక్కింది. కిరాణా కొట్టులో కూడా కార్డు గీకి సరుకులు కొన్నారంటూ టీవీలవాళ్లు కెమెరాలేసుకుని వచ్చారు. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఫోనుతో స్కాన్ చేయడం మామూలే గానీ, అప్పట్లో అది వింతే.

అయితే ఊరికి అసలు మేలు చేసింది కార్డులు కాదు, కందకాలు. నాటి సాగునీటి మంత్రి హరీశ్‌రావు ఈ ఊరిని దత్తత తీసుకున్నాక ఉపాధి హామీ పనుల కింద గుట్ట వాలులో వరసగా కందకాలు తవ్వారు. గుట్టమీద పడ్డ వాన ఒక్క పరుగున వాగులోకి జారిపోకుండా అడుగడుగునా ఆగేలా చేశారు. ఆగిన నీరు నేలలోకి ఇంకింది. ఆ పని ఎలా చేశారో చూడటానికి పొరుగూళ్లవాళ్లూ అధికారులూ వచ్చిపోయారు.

కబడ్డీ ముచ్చటలో కందకాలెందుకంటారా? వస్తున్నాం.

కాలివేలి దూరం

కార్నర్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పురుషుల కబడ్డీ మైదానం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. కూతకొచ్చినవాడికి 30 సెకన్లు. కాచేవాళ్లలో ఇద్దరు చెరో అంచునా నిలబడతారు. వాళ్లే కుడి కార్నర్, ఎడమ కార్నర్. వాళ్లకు పక్కన ఇన్‌లు, ఆ తర్వాత కవర్లు, నడుమ సెంటర్. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, రైడర్ ఒక కాలు బోనస్ గీత అవతల ఆన్చి రెండో కాలు గాల్లోకి లేపితే చాలు, ఎవర్నీ ముట్టుకోకుండానే ఒక పాయింటు. ఆ గీత దాటే కాలిని చీలమండ దగ్గర దొరకబుచ్చుకోవాల్సింది కార్నరే. అరక్షణం ముందు దూకితే చెయ్యి తగిలి తనే అవుటు. అరక్షణం ఆలస్యమైతే రైడర్ గీత దగ్గరికి వెళ్లిపోయి ఉంటాడు. పట్టు దొరికితే మిగతా ఆరుగురూ వచ్చి మీదపడతారు. తొలి పట్టు మాత్రం అతనిదే.

ఇలాంటి మనిషి గురించే వాదించుకునేవాళ్లు మనమొక్కరమే కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 'టైట్ ఎండ్' అనే స్థానం ఉంది. అడ్డుకోవడంలోనూ ఉండాలి, బంతి అందుకోవడంలోనూ ఉండాలి. చాన్నాళ్లు అతన్ని అభిమానులు పెద్దగా పట్టించుకోలేదు. కాన్సస్ సిటీ జట్టులో ట్రావిస్ కెల్సీ ఆ స్థానంలో ఆడుతూ మూడు సూపర్‌బౌల్‌లు గెలిచాక లెక్క మారింది. మా జట్టుకూ మంచి టైట్ ఎండ్ కావాలంటూ అక్కడి అభిమానులు ఇళ్లలో, బార్లలో తగువులాడుకుంటారు. డాలస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలూ ఆ తగవులో ఉండే ఉంటారు. తాతలది కార్నర్ గొడవ, మనవలది టైట్ ఎండ్ గొడవ!

కోట్లు కూత మీదే

టైటాన్స్ కథ మొదట్నుంచీ రైడర్ల కథే. 2014లో లీగ్ మొదలైనప్పుడు రాహుల్ చౌదరి కూతకెళుతుంటే తెలుగు పల్లెల్లో పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. 2015లో జట్టు మూడోస్థానం తెచ్చుకుంది. సెమీఫైనల్లో బెంగళూరు చేతిలో ఓడింది ఒక్క పాయింటు తేడాతో... 38-39! ఆ ఒక్క పట్టు గురించి పాత అభిమానులు ఇప్పటికీ నిట్టూరుస్తారు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్ కోసం కోటీ 45 లక్షలు పెట్టారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం ఏకంగా 2 కోట్ల 60 లక్షల 50 వేలు. లీగ్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు.

ఫలితం? ఎనిమిది, తొమ్మిది, పది... వరసగా మూడు సీజన్లు అట్టడుగు స్థానం. 66 ఆటల్లో గెలిచినవి అయిదు. ఇంత దుఃఖంలోనూ టీవీ కట్టేయని అభిమానికి దండం పెట్టాల్సిందే.

కార్నర్ పక్షంవాళ్లు సరిగ్గా ఇక్కడే బల్లగుద్దుతారు. అదే 2023 వేలంలో పుణెరి పల్టన్ ఇరాన్ ఆటగాడు మొహమ్మద్ రెజా షాద్లూయిని 2 కోట్ల 35 లక్షలకు కొంది. ఎడమ కార్నర్‌లో పట్టూ పడతాడు, అవసరమైతే కూతకూ వెళతాడు. ఆ సీజన్లో కప్పు పుణెరిదే. మరుసటి ఏడాది అతను హరియాణా స్టీలర్స్‌కు మారాడు. 2024లో కప్పు హరియాణాకు వెళ్లింది. కూతగాడికి ఎక్కువ పెట్టినవాళ్లు అడుగున, పట్టేవాడికి పెట్టినవాళ్లు పైన... ఇంకేం కావాలన్నది వీళ్ల ప్రశ్న.

ఎదుటిపక్షం నోరు మూసుకుని కూర్చోదుగా! షాద్లూయి 2025లో 2 కోట్ల 23 లక్షలకు గుజరాత్‌కు వెళ్లాడు. మరి ఆ జట్టు తొలి ఎనిమిది స్థానాల్లో కూడా లేదు. అంటే ఒక్క మనిషితో పనికాదు. పుణెరిలో అతని చుట్టూ అస్లం ఇనామ్‌దార్ ఉన్నాడు, కవర్లున్నారు, ఒకరి కదలిక ఒకరికి తెలిసిన జట్టుంది. పైగా టైటాన్స్‌లోనూ మంచి కార్నర్లు ఆడకపోలేదు. విశాల్ భరద్వాజ్ ఎడమ మూలన నిలబడ్డ రోజులున్నాయి. అయినా కప్పు రాలేదే అంటారు వీళ్లు.

రెండుపక్షాల్లోనూ నిజముంది. కానీ 2025 సీజన్ చూశాక త్రాసు కాస్త కార్నర్ వైపు మొగ్గిందనే చెప్పాలి. విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ఎన్నాళ్లకో తలెత్తుకుంది. ప్లేఆఫ్స్‌కు చేరింది. బెంగళూరును, పట్నాను దాటుకుని రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. ఒక్క మెట్టెక్కితే ఫైనలే. ఆరోజు భరత్ హుడా ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. జట్టు మొత్తం 45 సాధించింది. ఎన్నో ఆటల్ని గెలిపించే లెక్క అది. పుణెరి 50 చేసి ఫైనల్‌కు వెళ్లిపోయింది!

నలభై అయిదు తెచ్చి ఓడిన జట్టుకు కావాల్సింది నలభై ఆరోది తెచ్చేవాడా, యాభయ్యోదాన్ని ఆపేవాడా? ఇబ్రహీంపూర్‌లో నిలబడి ఆ ప్రశ్న వేసుకుంటే, ఎదురుగా గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్టమీద వాన అంతకుముందూ పడింది. ఆపే ఏర్పాటు లేకే పోయింది.

పేరులో తెలుగు

ముచ్చట ముదిరాక పెద్దవాళ్లెవరో ఒకరు ఇంకో మాట అంటారు. అసలు గొడవ అదే అనిపిస్తుంది. జట్టు పేరులో తెలుగు ఉంది. విజయ్ మలిక్‌ది హరియాణా. లీగ్‌లో పేరు తెచ్చుకున్న తెలుగు ఆటగాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కార్నర్‌ను కొనుక్కురావడం గురించే ఇంత తగువు పడుతున్నాం, మన దగ్గర ఎందుకు తయారవడు?

జవాబు ఊరి ఆటస్థలంలోనే ఉంది. మట్టినేల మీద చీలమండ పట్టడమంటే మోకాలు చెక్కుకుపోవడమే. లీగ్‌లో చూసే మ్యాట్ పల్లె బడుల్లో ఎన్నింటికి ఉంటుంది? కూతకెళ్లి నలుగుర్ని ముట్టొచ్చినవాడికి ఈలలు, చప్పట్లు. మూలన నిలబడి రైడర్‌ను అయిదుసార్లు గీత దాటనివ్వనివాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందుకే జట్లు పంచుకునేటప్పుడు బలమున్నవాళ్లంతా కూతకే పోతామంటారు. మిగిలిపోయిన బక్కపలచటి పిల్లాడిని మూలకు తోస్తారు. ఇరాన్‌లో అలా చేసి ఉంటే షాద్లూయి, అంతకుముందు ఫజల్ అత్రాచలి వచ్చేవాళ్లా? ఇద్దరూ ఎడమ మూలవాళ్లే. ఇద్దరి మీదా మన వేలంలో కోట్లు కురిశాయి.

ఇది విన్నాక కార్నర్ పక్షం కుర్రాళ్లు కాసేపు గమ్మునుంటారు. వాళ్లంతా చిన్నప్పుడు రైడర్లే మరి!

చీకటి పడుతుంటే పిల్లలు ఇంకో ఆటకు గీతలు గీస్తారు. చెప్పుతో ఒకడు నడిమి గీత లాగుతాడు. ఇంకొకడు బోనస్ గీత చెరిపి మళ్లీ గీస్తాడు. నేను కూతకంటే నేను కూతకని అరుపులు. అరుగు మీద నుంచి ఎవరో గట్టిగా అడుగుతారు... 'అరే, మూలకు ఎవరుంటుర్రా?'