కోడి రామ్మూర్తీ, మా తాతయ్య కాలూ

మా తిరువూరులో పిల్లలెవరైనా కాస్త పెద్ద బిందె ఎత్తబోతే చాలు, "అబ్బో, కోడి రామ్మూర్తి బయల్దేరాడండీ" అనేవాళ్ళు. ఆయన నిజంగా ఉన్న మనిషని నాకు చాలా కాలం తెలీదు. భీముడి టైపులో పురాణం పేరేమో అనుకునేవాణ్ణి. నేను ట్రంప్ కార్డుల్లో హల్క్ హోగన్, అండర్‌టేకర్‌ల ఛాతీ కొలతలు బట్టీ కొడుతుంటే చూసి, మా తాతయ్య ఒకరోజు "వీళ్ళ కొలతలు సరేగానీ, ఏనుగునెక్కించుకున్నాడట్రా ఒక్కడైనా?" అన్నాడు. అలా మొదలైంది.

వాళ్ళ నాన్నగారు బెజవాడలో రామ్మూర్తి సర్కస్ చూశారట. (ఇది నేను పూర్తిగా నమ్మను. కోస్తాలో ఏ ఇంట్లో అడిగినా ఒక ముత్తాత ఆ సర్కస్ చూసే ఉంటాడు.)

తెలీని వాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఉత్తరాంధ్రలోని వీరఘట్టం ఆయన ఊరు. పుట్టింది 1880ల తొలినాళ్ళలో. విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగాడు, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, వచ్చి విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. అక్కడే ఆగిపోతే ఈ టపా ఉండేది కాదు. పొట్టి పంతులు అనే స్నేహితుడి సాయంతో సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టాడు. కుస్తీ, గొలుసులు తెంచడం, కార్లు ఆపడం, ఛాతీ మీద ఏనుగు.. అన్నీ చేసేది తనే, కంపెనీ కూడా తనదే. పుణెలో తిలక్ మల్లమార్తాండ అని బిరుదిచ్చాడనీ, లండన్లో రాజుగారు ఇండియన్ హెర్క్యులస్ అన్నారనీ చెబుతారు. పైగా శాకాహారి. మా తాతయ్యకి ఇది చాలా ముఖ్యమైన పాయింటు, నేను కూర మీద పేచీ పెట్టినప్పుడల్లా వాడేవాడు :)

ఇంజనీరింగు మూడో ఏడులో నాకు తెలివి ఎక్కువైంది. సెలవులకి వెళ్ళి, కాగితం పెన్నూ పట్టుకుని తాతయ్య పక్కన కూర్చున్నా. "కారు బరువు ఒక టన్ను అనుకో. వెనక చక్రాల మీద పడేది అందులో సగం. మట్టి నేల మీద చక్రానికి దొరికే పట్టు ఇంకా తక్కువ. ఇంజను ఎంత గొప్పదైనా, సుమారు రెండొందల కిలోల లాగుడు దాటితే చక్రం ఉత్తినే తిరుగుతుంది. ఇక అటొక కారు, ఇటొక కారు అంటే జనానికి రెట్టింపు కనిపిస్తుంది గానీ, ఒక కారు తీసేసి ఆ గొలుసుని చెట్టుకి కట్టినా చేతుల మీద పడే బరువు అంతే. అసలు ప్రమాదం డ్రైవర్లిద్దరూ ఒకేసారి స్టార్ట్ చేయకపోవడంలో ఉంది." ఇప్పుడైతే రేస్ కండిషన్ అనేవాణ్ణి. ఏనుగు సంగతీ చెప్పా. ఛాతీ మీద పరిచిన చెక్క ఏ కొసనైనా నేలకి ఆనితే ఆ మేరకు బరువు నేలే మోస్తుంది అని.

తాతయ్య అంతా ఓపిగ్గా విన్నాడు. "సరే నాన్నా, నువ్వు పడుకో. నేను ఏనుగుని పిల్చుకొస్తా" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. లెక్క తప్పు కాదు, కానీ రెండొందల కిలోల లాగుడుని భుజాల కీళ్ళ మీద ఆపాలంటే లెక్క వస్తే సరిపోదు. అదీ ఒకసారి కాదు, టికెట్టు కొన్న వాళ్ళ ముందు ఊరూరా. జ్వరమొస్తే ఆట లేదు, ఆట లేకపోతే గుడారంలో ఉన్న ఇంతమందికీ, జంతువులకీ తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనం బెంచి మీద రెండు నెలలు కూర్చుంటేనే నిద్ర పట్టదు కదా. ఆయనకి సర్వరూ, బ్యాకప్పూ, కంపెనీ మొత్తం ఒక ఒళ్ళే.

తాతయ్య చెప్పే కథ ఎప్పుడూ లండన్ దగ్గరే అయిపోయేది. తర్వాత ఏమైందని నేనూ అడగలేదు.

నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి తాతయ్యకి షుగర్ ముదిరి పాదం పుండు పడింది. విజయవాడలో చూపించారు. మోకాలి కింద దాకా తీసేయాల్సిందే అన్నారు. ఆపరేషనయ్యాక రెండో రాత్రి నేను కాపలా. పడుకున్నాడేమో అనుకున్నా. దుప్పటి కిందున్న ఆ ఖాళీ వైపు చూస్తూ, "రామ్మూర్తికి కూడా కాలు తీసేశారు, తెలుసా?" అన్నాడు.

నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

కాలికి పుండు లేచిందట, తగ్గలేదట. మత్తుమందు వద్దని, ప్రాణాయామం చేస్తూ కోయించుకున్నాడని కథ. "నాకు మత్తు ఇచ్చార్లే" అన్నాడు కాస్త సిగ్గుపడుతున్నట్టు. "మరి ఇదెప్పుడూ చెప్పలేదే?" అంటే, "మా నాన్న కూడా చెప్పలేదురా. ఆయన చూసినప్పుడు రెండు కాళ్ళూ ఉన్నాయిగా" అన్నాడు.

తర్వాత నేనే వెతుక్కుని చదివాను. లక్షలు సంపాదించాడు, దానాలు చేసేశాడు. చివరి రోజులు ఒడిశా వైపు ఒక రాజుగారి ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో బలాంగీర్లో పోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది. బలాన్ని అమ్ముకుని బతికినవాడు కాలు పోయాక పొద్దస్తమానం ఏం చేసేవాడో మాత్రం నేను చదివినదాంట్లో ఎక్కడా కనబడలేదు. గొలుసు, కారు, ఏనుగు. అన్నీ అవే, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టు.

తాతయ్య పెట్టుడు కాలు అలవాటు చేసుకోడానికి ఆర్నెల్లు పట్టింది. మొదట్లో రోజూ పడేవాడు, అమ్మ మీద విసుక్కునేవాడు. తర్వాత కర్ర పట్టుకుని బజారు దాకా వెళ్ళొచ్చేవాడు. పాల కేంద్రం దగ్గర ఎవరో కుర్రాడు "ఏం తాతా, కోడి రామ్మూర్తిలా నడుస్తున్నావే" అంటే, ఆగి, ఊపిరి తీసుకుని, "ఆయనకీ ఒక్కటేరా" అన్నాడట. వాడికేం అర్థమైందో మరి.