రోజుకి పది మాటలు

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్లో రోజుకి పది ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన ఇంగ్లీషులోనే అర్థాలు రాసిస్తారు. మర్నాడు అప్పజెప్పాలి. మీ ఇళ్లలోనూ ఇదే తంతు అయ్యుంటుంది. నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని కదా, "నీకు తెలీదులే అమ్మా, పుస్తకం పట్టుకుని చూడు చాలు" అనేది. సరేనని ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకునేదాన్ని.

ఒకరోజు 'రిలక్టెంట్' వచ్చింది. అర్థం 'అన్‌విల్లింగ్ అండ్ హెజిటెంట్'. గడగడా చెప్పేసింది.

"హెజిటెంట్ అంటే ఏంటే?" అన్నాను.

"అది రేపటి లిస్టులో ఉందమ్మా!"

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే దిగులేసింది. మర్నాడు పదికి పది మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో ఒక వాక్యం రాయమంటే మాత్రం 'ఐ యామ్ రిలక్టెంట్ స్కూల్' అని రాసింది. అర్థం నోటికొచ్చింది, మాట చేతికి రాలేదు.

"సంక్రాంతికి అమ్మమ్మ వాళ్లింటికెళ్లి తిరిగొచ్చే రోజు నేనెలా ఉంటాను?" అనడిగాను.

"బస్సు టైమైందని నాన్న తొందరపెడుతుంటే, నువ్వు మళ్లీ లోపలికెళ్లి మంచినీళ్లు తాగొస్తావు."

"అదేనే రిలక్టెంట్. రానని అనను, కాళ్లు మాత్రం కదలవు."

ఆ మాట ఇక మర్చిపోదు లెండి.

అర్థం రాయడం కూడా ఒక విద్యేనండీ. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన నిఘంటువులున్నాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువులో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాశారు. ఆ రెండు వేలూ వస్తే చాలు, దాదాపు ఏ మాట అర్థమైనా చదివి తెలుసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయితే ఫలానా మాట మెప్పా, తిట్టా అన్నది కూడా చెబుతుంది. పెద్దవాళ్లని 'చైల్డిష్' అంటే తిట్టు, 'చైల్డ్‌లైక్' అంటే మెప్పు. అది తెలియకుండా ఎవరినైనా అనేస్తే ఇంకేమైనా ఉందా! రెండూ ఫోన్లో ఉచితంగా చూసుకోవచ్చు. రిలక్టెంట్ తర్వాత 'టు' పెట్టి ఆ పైన ఏ పనో చెప్పాలని, అందులో ఉదాహరణలు చూశాకే మా పిల్లకి పట్టుబడింది.

బడి ఇచ్చే పదీ ఎలాగూ తప్పవు. రాత్రి భోజనాలయ్యాక ఒక్క మాట మాత్రం మా ఇద్దరిదీ. నేనొక తెలుగు మాట ఇస్తాను, అది ఇంగ్లీషులో అర్థం రాయాలి, తేలిక మాటలతోనే. ఈ ఆటలో అడిగేది అది, చెప్పేది నేను.

మొదటిరోజు 'ఎంగిలి' ఇచ్చాను. 'లెఫ్టోవర్ ఫుడ్' అని టక్కున రాసింది.

"గిన్నెలో మిగిలిన కూర ఎంగిలా?"

కొట్టేసింది. నోటికి తగిలిన తిండి అని రాసింది. "మరి నువ్వు నోట్లో పెట్టుకున్న పెన్సిలో?" దాన్నీ చేర్చింది. సీసా ఎత్తి పోసుకుంటే ఎంగిలి కాదు, పెదవికి తగిలితే అవుతుంది. అదెలా రాయాలో తెలియక జుట్టు పీక్కుంది. అరగంటకి తేలింది: ఒకరి నోటికి తగిలిన తిండి గానీ వస్తువు గానీ, ఇంకొకరు నోట పెట్టకూడనిది.

బాగుందన్నాను. కలం మూత పెట్టబోతూ ఆగింది.

"మరి నా కంచంలో వదిలేసింది నువ్వు తినేస్తావుగా?"

నేనేమీ అనలేదు. చివర్లో ఇంకో రెండు మాటలు చేర్చింది. 'ఎక్సెప్ట్ మదర్స్' అని.

మొన్న ఆదివారం 'మొహమాటం' ఇచ్చాను. 'షై' రాసి కొట్టేసింది, 'పొలైట్' రాసి కొట్టేసింది. ఇంకా కుస్తీ పడుతూనే ఉంది. మీకేమైనా తడితే చెప్పండి, దానికి మాత్రం చెప్పనులెండి.