రెండు శ్రుతుల దేశం

1988లో మా అమ్మాయి పురిటికి నేనూ మా ఆవిడా జపాను వెళ్ళాము. పురుడు పుట్టింట్లో పోయడం మన ఆచారం. కాని అల్లుడి ఉద్యోగం యొకొహామాలో. అమ్మాయికి విమాన ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. ఇక పుట్టిల్లే కదిలి వెళ్ళవలసి వచ్చింది. మా ఆవిడ కాయం, పొత్తిగుడ్డలు, ఆవకాయ సర్దుకుంటే, నేను పది కిలోల పాత స్పూలు టేప్ రికార్డరును పసిపిల్లను మోసినట్లు మోసుకుపోయాను.

దానికి కారణం ఉంది. 1963లో, మా అమ్మాయి ఉయ్యాలలో ఉండగా, మా అమ్మ పాడిన జోలపాట ఆ టేపులో ఉంది. మరి రెండేళ్ళకు అమ్మ పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పుట్టబోయే బిడ్డకు బారసాలనాడు తాతమ్మ జోల వినిపించాలని మా అమ్మాయి కోరిక.

జపానులో ఇళ్ళకు వచ్చే కరెంటు 100 వోల్టులే. మన రికార్డరుకు 230 కావాలి. అల్లుడు నన్ను టోకియోలోని అకిహబారాకు తీసుకుపోయాడు. అది కరెంటు సామాను అంగళ్ళకు పేరుపడిన పేట. రేడియో దీపాలనుంచి మరమేకుల దాకా అక్కడ దొరకని వస్తువు లేదు. మన రికార్డరు 50 వాట్లు తీసుకుంటుంది గనుక 100 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కొన్నాము. ఇటుకరాయంత ఉంది. ఆ రాత్రి యొకొహామాలో మా అమ్మ, విజయవాడలో పాడినట్లే పాడింది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పదిహేను రోజులు తిరిగేసరికి అల్లుడికి ఒసాకా బదిలీ అయింది. షింకాన్‌సెన్ రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం. గంట తిరక్కముందే కుడివైపు కిటికీలో ఫుజి పర్వతం కనిపించింది. కింద గులకరాళ్ళు పరచుకున్న వెడల్పాటి నది. దాని పేరు ఫుజికావా అన్నాడు అల్లుడు. అందరం కొండనే చూశాము గాని, ఆ నదిని ఎవరూ పట్టించుకోలేదు. అసలు చూడవలసింది దాన్నే!

ఒసాకాలో ఆడపిల్ల పుట్టింది. బారసాల రెండురోజులుందనగా ఎందుకైనా మంచిదని రికార్డరు పెట్టి చూశాను. గోడలో అదే ప్లగ్గు, అదే ట్రాన్స్‌ఫార్మరు, అదే టేపు. పాట మొదలవగానే వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఇదేమిటండీ! అత్తయ్యగారు పరికిణీ కట్టుకుని పాడుతున్నట్లుంది!"

నిజమే. అరవై ఏళ్ళ మా అమ్మ ముతక గొంతు పదేళ్ళ పిల్ల గొంతయిపోయింది. జోలపాట పరుగుపాటయింది. ట్రాన్స్‌ఫార్మరు చెడిందేమోనని కొలిపించాము. సరిగ్గా 230 ఉంది. అమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "పోనీలెండి నాన్నగారూ" అంది గాని, ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు రికార్డరు మోసుకుని ఒసాకాలో నిప్పొన్‌బషి అనే పేటకు పోయాము. అది వారి అకిహబారా. అక్కడ ఒక ముసలి మరమ్మతుదారు మా గోడు విని, నవ్వి, కాగితంమీద జపాను పటం గీశాడు. నడుమ ఒక గీత పెట్టి, తూర్పున 50 అనీ, పడమట 60 అనీ వేశాడు. ఆ గీతకు దక్షిణపు కొస మేము దాటివచ్చిన ఫుజికావా నదే!

సంగతేమిటంటే, వోల్టేజి అనేది కొళాయిలో నీటి వత్తిడివంటిది. ట్రాన్స్‌ఫార్మరు ఆ వత్తిడిని పెంచగలదు, తగ్గించగలదు. కాని కరెంటుకు నాడి కూడా ఉంది. అదే ఫ్రీక్వెన్సీ. మన దేశంలో సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. టోకియో, యొకొహామాలలోనూ అంతే. ఒసాకాలో 60. ట్రాన్స్‌ఫార్మరు నాడి జోలికి పోదు. పాతకాలపు రికార్డరు మోటారు ఆ నాడిని బట్టే తిరుగుతుంది. సెకనుకు 3¾ అంగుళాలు నడవవలసిన టేపు 4½ అంగుళాలు నడిచింది. ఒకటో శ్రుతిలో పాడిన పాట రెండున్నర శ్రుతి దాటిపోతుంది!

ఒకే దేశంలో రెండు నాడులెందుకంటే, 1890లలో టోకియో కంపెనీ జర్మనీనుంచీ, ఒసాకా కంపెనీ అమెరికానుంచీ జనరేటర్లు తెప్పించుకున్నాయి. వియ్యాలవారి మాట ఎవరిది వారిదే అన్నట్లు అలాగే ఉండిపోయాయి. ఒకవైపు కరెంటును రెండోవైపుకు మార్చి పంపే మొదటి కేంద్రాన్ని 1965లో సకుమాలో పెట్టారు. 2011 భూకంపంలో తూర్పున కరెంటు కరువైతే, పడమటినుంచి పంపగలిగింది పది లక్షల కిలోవాట్లే. 2021లో దానిని 21 లక్షలకు పెంచారు. మేమెక్కిన రైలుకు మాత్రం దారి పొడుగునా 60 సైకిళ్ళ కరెంటే ఇస్తారు.

ముసలాయన మోటారు ఇరుసునుంచి ఇత్తడి కప్పీ తీసి కొలిచాడు. 12 మిల్లీమీటర్లు. లేతుమీద 10 మిల్లీమీటర్ల కొత్త కప్పీ తీసి తొడిగాడు. మీట నొక్కగానే మా అమ్మ తన సొంత గొంతుతో పాడింది. భాష తెలియని ఆ ముసలాయన పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాత కప్పీని కాగితంలో పొట్లం కట్టి, రెండు చేతులతో అందించి, 50 అని రాసిన వైపు వేలు చూపించాడు. ఇంటికి పోయాక మార్చుకోమని!

బారసాల సలక్షణంగా జరిగింది. జోల వింటూ బిడ్డ నిద్రపోయింది. విజయవాడ వచ్చాక నేను కప్పీ మార్చడం మరచి రికార్డరు పెడితే, మా అమ్మ మగగొంతుతో పాడింది. అప్పుడు పొట్లం విప్పాను.

ఈనాడు ఇన్ని తంటాలు లేవు. చాలా ఛార్జర్లమీద 100 నుంచి 240 వోల్టులు, 50, 60 సైకిళ్ళు అని రాసి ఉంటుంది. ఆ మాట చూసుకుంటే చాలు. కాని తాతలనాటి రికార్డు ప్లేయరో, స్పూలు రికార్డరో పట్టుకుపోయేవారు వోల్టేజి ఒక్కటే చూసి ఊరుకోకండి. నాడి కూడా చూడండి.

మా మనవరాలు ఆ జోలను ఇప్పుడు తన ఫోనులో పెట్టుకుంది. ఏ దేశంలో విన్నా ఒకటే శ్రుతి. 10 మిల్లీమీటర్ల ఇత్తడి కప్పీ మాత్రం ఇంకా నా బల్ల సొరుగులో ఉంది. ఆ రెండు మిల్లీమీటర్లూ తగ్గితే గాని, ఒసాకాలో మా అమ్మ మా అమ్మలా పాడలేదు.