డర్బన్ ఉక్కలో పరుగు

గుడి తరగతిలో మాకు తెలుగు నేర్పిన పెద్దాయన "వేడి" అనే ఒక్క మాటతో ఊరుకునేవారు కాదు. ఎండ వేరు, సెగ వేరు, ఉక్క వేరు అనేవారు. ఎండ నెత్తి మీద పడుతుంది. సెగ పొయ్యి దగ్గర తగులుతుంది. గాలి ఆడక, చెమట ఆరక ఒళ్లంతా జిగటగా ఉంటే అది ఉక్కపోత. జనవరి, ఫిబ్రవరి నెలల్లో డర్బన్‌లో పరుగెత్తేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఈ ఉక్కే.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. మన తీరం పక్కన వెచ్చని అగుల్హాస్ ప్రవాహం పోతుంది. దాని మీదుగా వచ్చే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. ఇక మన చెమటకు చోటెక్కడ? బొట్లుబొట్లుగా కారి బూట్లలోకి చేరుతుంది. థర్మామీటరు 28 డిగ్రీలే చూపించినా దాన్ని నమ్మకండి.

నేను శనివారాల్లో తెల్లవారుజామున ఐదింటికే బీచ్‌ఫ్రంట్ మీద ఉంటాను. వేసవిలో గడియారం చూసుకుని పరుగెత్తను. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం చెప్పలేకపోతే నడుస్తాను. (తెలుగులో పూర్తి వాక్యం చెప్పలేకపోవడం వేరే సంగతి!)

మన పెద్దవాళ్లు కొందరు, "మన తాతలు ఈ ఎండలోనే చెరకు తోటల్లో పనిచేశారు, మనకేమవుతుంది?" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. 1860 నుంచి వచ్చిన ఆ కూలీలు రోజంతా బయట పనిచేశారు కాబట్టి వాళ్ల ఒళ్లు వేడికి అలవాటుపడింది. ఆ అలవాటు నెత్తురులో రాదు. ఎవరి ఒళ్లు వాళ్లే అలవాటు చేసుకోవాలి. మన దేశపు బంగారు గనుల్లో కొత్త పనివాళ్లను లోపలికి పంపే ముందు వేడి గదుల్లో కొన్ని రోజులు పని చేయించేవారు. పరుగుకూ అంతే. పది నుంచి పద్నాలుగు రోజులు కొద్దికొద్దిగా పెంచాలి. నెల రోజులు ఏసీ గదిలో కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తాం.

నీళ్ల విషయంలో కూడా జాగ్రత్త. తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. మరీ ఎక్కువ తాగినా నెత్తురులో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. 1981 కామ్రేడ్స్ పరుగులో ఒకావిడ అలాగే స్పృహ తప్పింది. తర్వాత కోలుకుంది. దాహం వేసినప్పుడు తాగడమే మంచిది.

ఇదంతా రాయడానికి కారణం మా బడిలో ఒక అబ్బాయి. అథ్లెటిక్స్ సాధన బడులు తెరిచిన మొదటి నెలల్లోనే వస్తుంది. అంటే ఉక్క ఎక్కువగా ఉన్నప్పుడే. పోయిన ఫిబ్రవరిలో, మధ్యాహ్నం రెండున్నరకు, ఆ పిల్లవాడు తూలుతూ నా దగ్గరికి వచ్చి, "మ్యామ్, లెక్కల పరీక్ష ఏ గదిలో?" అని అడిగాడు. ఆ రోజు పరీక్షే లేదు. ఒంటి నిండా చెమట. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. పరుగెత్తేవాళ్లకు అలా ఆగకపోవచ్చు. మాట తడబడితే, తికమకగా మాట్లాడితే అదే గుర్తు.

"కూర్చో నాన్నా" అని నీడలో కూర్చోబెట్టాం. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు. మేం తోట గొట్టంతో నీళ్లు పోస్తూనే ఉన్నాం. బడి దుకాణంలో ఉన్న ఐసు తెచ్చి తడి తువ్వాళ్లలో చుట్టి మెడకు, చంకలకు పెట్టాం. పుస్తకాలతో విసిరాం. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంబులెన్సు వచ్చేసరికి తన పేరు చెప్పగలిగాడు. వారం తర్వాత బడికి వచ్చాడు.

ఈ ఏడాది సాధన పొద్దున ఆరున్నరకు మార్చాం. టాక్సీలో దూరం నుంచి వచ్చే పిల్లలకు అంత పొద్దున్నే రావడం కష్టం. దానికి ఇంకా దారి వెతుకుతున్నాం.