కాలువగట్టు వెంబడి కోరంగి వఱకు

బైసికిలుపై దేశము చూడగోరువారికి గోదావరి డెల్టాకంటె అనుకూలమైన నేల మఱియొకటి కలదని నేననుకొనను. ఎక్కుటకు గుట్ట లేదు; దిగుటకు లోయ లేదు. నీరు నడచు త్రోవయే మనకును త్రోవ. ఆ పల్లము కంటికి కనబడనంత స్వల్పము గాన, తొక్కువాని పిక్కలకు కూడ దాని జాడ తెలియదు. గట్టున ఒకప్రక్క కాలువ, రెండవప్రక్క వరిచేలు. నడుమ కొబ్బరిచెట్ల నీడ. ఇంతటి సౌఖ్యము మన ఇంటిముంగిట నుండగా, సెలవులు రాగానే మన విద్యార్థులు బండియెక్కి దూరదేశములకు పరుగెత్తుట నాకు వింతగా తోచును.

గత సంక్రాంతి సెలవులలో నేనును, తొమ్మిదవ తరగతి చదువుచున్న నా మేనల్లుడును రాజమహేంద్రవరమునుండి సామర్లకోట, కాకినాడల మీదుగా కోరంగి వఱకు పోయి, యానాము, ద్రాక్షారామముల మీదుగా తిరిగివచ్చితిమి. మూడు దినములు పట్టినది. మా బైసికిళ్లు గేర్లు మొదలగు హంగులు లేని సామాన్యమైనవి. చెఱియొక నీళ్లసీసా, ఒక గాలిపంపు, పంక్చరు వేసికొను సరంజామా, రెండు దుప్పట్లు, మా అక్క కట్టి యిచ్చిన అరిసెలు: ఇంతే మా సామాను.

పోదలచువారికి ముందుగా గాలినిగూర్చి ఒక మాట చెప్పవలయును. తెల్లవాఱుజామున గాలి నేలవైపునుండి సముద్రమువైపునకు మెల్లగా వీచును. మధ్యాహ్నము కాగానే సముద్రపుగాలి ఎదురై నిలుచును. కావున తూర్పునకు పోవువారు చీకటితో బయలుదేఱి పదునొకండు గంటలలోపల దినపు పని ముగించుకొనవలెను. పుష్యమాఘములు మిక్కిలి మంచి మాసములు. దాళ్వా నాట్లు పడుచుండును; కాలువలు నిండుగా నుండును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక అప్పుడు పోయినవారికి బురదయు, ముళ్లకంపయు తప్ప మఱేమియు కనబడవు.

ధవళేశ్వరము రాజమహేంద్రవరమునకు సుమారు 5 మైళ్ల దూరమున నున్నది. సర్ ఆర్థరు కాటను దొర 1847 లో ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి ముగించెను. గోదావరి యిచ్చట లంకలచే నాలుగు పాయలుగా చీలియుండుటచేత ఆనకట్టయు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టబడినది. అడుగున బండ దొరకని యిసుకలో, ఇచ్చటి కొండరాతినే పగులగొట్టి తెచ్చి, అంతటి నదికి అడ్డము వేయుట సామాన్యమైన సాహసము కాదు. వీణెము వీరన్నగారు అను తెలుగువాడు ఆ పనిలో దొరకు కుడిభుజమై యుండెను. గుఱ్ఱముమీది దొరగారి విగ్రహమును చూచిన ప్రతి బాలుడును వీరన్నగారి పేరునుకూడ తెలిసికొనవలెనని నా అభిప్రాయము. పాత ఆనకట్టకు బదులుగా 175 తలుపులుగల నేటి బ్యారేజి 1982 లో పూర్తియైనది. 1833 నాటి ఘోరమైన కఱవును తలచినచో, ఈ నీరు ఎంతమంది నోటికి అన్నము పెట్టినదో ఊహింపవచ్చును.

అచ్చటనుండి కడియము వఱకు పూలతోటలు. వానిని వర్ణింపను, ఎల్లరును ఎఱిగినవే. కడియము దాటి, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా పోవు బాటను జనులు కెనాలు రోడ్డు అందురు. 2022 లో మన జిల్లాలు విడదీయబడినవి గాని కాలువకు ఆ సంగతి తెలియదు. ఒక జిల్లాలో పుట్టి మఱియొక జిల్లాలోనికి నిరాటంకముగా పోవుచున్నది.

ఈ కాలువను చూచుటకు నాకు మఱియొక కారణము కలదు. మా అమ్మమ్మకు తొంబది యేండ్లు దాటినవి. ఆమె పుట్టినది అనపర్తి చేరువ కాలువగట్టున నున్న యొక పల్లెలో. 1940 లో ఆమె తండ్రి రంగూను పోవుటకై తాడుపడవలో కాకినాడకు పోయినప్పుడు ఏడేండ్ల పిల్లయైన ఆమెను, ఆమె తల్లిని కూడ వెంటబెట్టుకొని పోయెనట. ఆయన మరల రాలేదు. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసిన పిదప వేలకొలది తెలుగువారు అరకాను త్రోవనో మణిపురపు త్రోవనో నడచి స్వదేశమునకు బయలుదేఱిరి; ఎందఱో దారిలోనే గతించిరి. ఆయన బయలుదేఱెనో లేదో కూడ చెప్పువారు లేరు. అమ్మమ్మ అటుపిమ్మట కాకినాడ మొగము చూడలేదు. అయితే ఆ పడవప్రయాణమును మాత్రము నిన్న జరిగినట్లు చెప్పును. లాకులో పడవ క్రిందికి దిగునప్పుడు భయపడి తండ్రి మెడ కౌగిలించుకొంటినని చెప్పును. పడవ నీటిలో మెట్లు దిగునా యని ఇంటిలోని పిన్నలు నవ్వుదురు. ఆ నవ్వు నాకు కష్టముగా నుండెడిది.

లాకు అనగా ఏమో నేటి పిల్లలలో పలువురెఱుగరు. కాలువ ఎత్తైన మట్టమునుండి తక్కువ మట్టమునకు దిగుచోట రాతిగోడలతో ఒక తొట్టి కట్టి దానికి రెండువైపుల తలుపులు పెట్టుదురు. దిగువకు పోవు పడవ తొట్టిలో ప్రవేశింపగానే ఎగువతలుపులు మూసి, దిగువతలుపులలోని చిన్నకంతలను తెఱతురు. తొట్టిలోని నీరు తగ్గుచుండగా పడవయు దానితో మెల్లగా దిగి, దిగువ కాలువతో సమమగును. అప్పుడు తలుపులు తెఱచి పంపుదురు. ఎగువకు పోవు పడవకు ఇదే క్రమము తలక్రిందులుగా జరుగును. యంత్రము లేదు, నూనె లేదు. నీటి బరువును నీరే మోయును. ఒకప్పుడు రాజమహేంద్రవరమునుండి కాకినాడకు బియ్యము, కలప, మనుష్యులు అందఱును ఈ విధముగనే పోయిరి. గాలి అనుకూలమైనచో తెరచాప. లేనిచో గట్టుమీద మనుష్యులు తాడుపట్టి లాగుట. మేము బైసికిలు తొక్కిన బాటలో కొంతభాగము వారి పాదములు త్రొక్కి గట్టిపఱచినదే.

ఒక లాకువద్ద ఆగితిమి. తొట్టినిండ గుఱ్ఱపుడెక్క. పడవ పోయి యెన్నియేండ్లయినదో! వృద్ధుడైన లస్కరొకడు అచ్చట చుట్ట కాల్చుచుండెను.

"ఇందులోంచి పడవలు వెళ్లేవాండీ?" అని మేనల్లుడడిగెను.

"వెళ్లకేం బాబూ! మా నాయన తలుపులు తిప్పేవోడు. రాత్రిపూట పడవోళ్లు శంఖం ఊదితే లేచి వచ్చేవోడండి. పడవ దిగుతుంటే ఆడోళ్లు, పిల్లలు కెవ్వున అరిచేవోరంట."

మేనల్లుడు నావైపు చూచెను. నేనేమియు అనలేదు. వాడు తొట్టిగోడమీద కూర్చుండి, రాళ్లమీద మిగిలిన తాళ్ల ఒరపిడి గాడులలో వ్రేలు పెట్టి చాలసేపు చూచెను.

బిక్కవోలులో రెండు గంటలు నిలిచితిమి. తూర్పు చాళుక్యరాజైన గుణగ విజయాదిత్యుని బిరుదునుబట్టి బిరుదాంకప్రోలు అను పేరు వచ్చి క్రమముగా బిక్కవోలైనది. ఊరిలోని గుడులు పూజలందుకొనుచున్నవి. ఊరివెలుపల చేలనడుమ నున్న గుడులు మాత్రము వెయ్యేండ్లకు పైబడిన వార్ధక్యముతో, సున్నమైనను లేక నిలిచియున్నవి. పెద్ద పెద్ద గోపురములకంటె నాకు ఇవే నచ్చినవి. గట్టున బైసికిలు ఆనించి, వరినారు తొక్కకుండ నడచి పోయి చూడవలెను. సామర్లకోటలో భీమేశ్వరాలయము రెండంతస్తులది; చాళుక్య భీముడు కట్టించినదని ప్రసిద్ధి. లింగము క్రిందినుండి పైయంతస్తువఱకు పెరిగియుండును. పంచారామములలో ఇది కుమారారామము. ఆ రాత్రి మిత్రుల యింట బస చేసితిమి.

మఱునాడు ప్రాతఃకాలముననే 9 మైళ్లు తొక్కి కాకినాడ చేరితిమి. ఉప్పుటేటి ఒడ్డున పడవలు బారులు తీరియున్నవి. పూర్వకాలమున ఇచ్చట పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలకుండెను. సముద్రము చాలదూరము వఱకు లోతు తక్కువ. ఓడ మైళ్లకొలది దూరమున లంగరు వేసియుండగా, జనులను చిన్నపడవలలో దానియొద్దకు చేర్చెడివారు. నేడు లోతైన రేవు నిర్మింపబడినను, కొన్ని ఓడలింకను దూరముననే నిలుచును. ఇసుకపై నిలిచి చూచితిమి. ఎండలో నల్లని చుక్కలవలె నుండెను.

కాకినాడకు దక్షిణమున సుమారు 11 మైళ్ల దూరమున కోరంగి యున్నది. దారిలో చొల్లంగి, పుష్య బహుళ అమావాస్యనాడు ఇచ్చట సముద్రస్నానమునకు జనులు వేలకొలది వత్తురు. కోరంగి ఒకప్పుడు ఎంతటి రేవో నేడు చూచినవారు నమ్మజాలరు. ఓడలు కట్టిన ఊరు. ఇచ్చటనుండి బర్మాకు పోయినవారు అధికులగుటచేత ఆ దేశమున తెలుగువారినందఱిని కోరంగీలనియే పిలిచిరి. 1789 లోను 1839 లోను వచ్చిన ఉప్పెనలు ఈ రేవును పాడుచేసినవి. ఈ ఉప్పెనలనుగూర్చి వ్రాసిన పిడింగ్టను దొరయే 1848 లో సైక్లోను అను మాటను కల్పించెను. మిగిలిన పనిని గోదావరి ఒండ్రు చేసినది.

ఇపుడు కోరంగికి కీర్తి మడ అడవివలన. 1978 లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రదేశము 235 చదరపు కిలోమీటర్ల వైశాల్యము కలది. బైసికిళ్లు వెలుపల నిలిపి, కొయ్యపలకల వంతెనబాటపై నడచి లోనికి పోవలెను. మడచెట్ల వేళ్లు క్రిందికి పోవుటకు మాఱుగా బురదలోనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చుకొనును. ఉప్పుబురదలో గాలి లేకుండుటయే దీనికి కారణము. తిల్లచెట్టు పాలు కంటిలో పడినచో చూపునకే ముప్పు గాన, పిల్లలు దాని కొమ్మలు విఱువరాదు. చేపలు పట్టి తిను బావురుపిల్లి ఇచ్చటి రాత్రులకు దొర. పగటివేళ అది మాకు దర్శనమీయలేదు. పీతలు మాత్రము లెక్కకు మించి చూచితిమి. సముద్రము పొంగినపుడు ఈ వేళ్లు అలల వేగమును కొంత అణచును. కట్టెలకై మడను నఱకువారు తమ యింటిగోడ తామే పడగొట్టుకొనువారు.

తిరుగుదారిలో యానామునందు మంచి కాఫీ దొరకినది. 1954 వఱకు అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ద్రాక్షారామము వేఱొక వ్యాసమునకు తగిన సంగతి; దానిని భీమేశ్వర పురాణము చదివినపిదప చూచుట మేలు.

ఇల్లు చేరిన సాయంకాలము మేనల్లుడు లాకు సంగతిని, లస్కరు మాటలను ఇంటిల్లిపాదికిని వివరించి చెప్పెను. ఎవ్వరును నవ్వలేదు. అమ్మమ్మ మంచముమీద కూర్చుండి అంతయు విని, గుడులనుగూర్చి గాని అడవినిగూర్చి గాని యేమియు అడుగలేదు.

"ఒరేయ్ అబ్బాయీ, ఒడ్డు మీంచి ఓడ కనపడుద్దా?" అని నన్నడిగెను.

"చాలా దూరం అమ్మమ్మా. చుక్కలాగ కనపడుతుంది."

"అయితే ఆయనకీ నేను కనపడుండను. పొద్దుగూకేదాకా చెయ్యి ఊపుతానే ఉన్నాను."

అటుపిమ్మట ఆమె పిల్లవాడు అన్నము తినెనా యని మా అక్కను అడిగెను.